మొరవ పారిన రోజులు

రిషివ్యాలీకి వెళ్లొచ్చినవాళ్లను ఏం చూశారని అడిగితే ముందుగా వచ్చే మాట అక్కడి నిశ్శబ్దం గురించే. మదనపల్లెకు ఉత్తరాన పదహారు కిలోమీటర్ల దూరంలో, తెట్టు ఊరికి దగ్గరగా, రిషికొండ కింద ఒదిగిన చిన్న లోయ అది. రెండువేల అడుగులకు పైన ఉండటం వల్ల చిత్తూరు, తిరుపతి మండిపోయే నెలల్లో కూడా ఇక్కడ పొద్దు వాలేసరికి గాలి చల్లబడుతుంది. మదనపల్లెలోనే పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి 1926 ప్రాంతంలో విద్యాలయం కోసం చోటు వెతుకుతూ, ఇక్కడి పెద్ద మర్రిచెట్టును, దాని చుట్టూ ఉన్న కొండలను చూసి ఈ లోయను ఎంచుకున్నారు. 1931లో బడి మొదలైంది. అప్పటి నుంచి దేశదేశాల వాళ్లు వచ్చిపోతూనే ఉన్నారు, లోయ ప్రశాంతత గురించి రాస్తూనే ఉన్నారు. వాళ్ల ఇష్టాన్ని నేను తప్పుపట్టను. అయితే ఆ ప్రశాంతత పల్లెకు పుట్టుకతో వచ్చిన గుణమని అనుకోవడం దగ్గరే నాకు పేచీ. అరవై ఏళ్ల కిందట ఈ లోయలోనూ, దాని చుట్టూ కురబలకోట, వాయల్పాడు, మదనపల్లె వైపు ఉన్న వందలాది పల్లెల్లోనూ కోడి కూసే వేళకు మొదలయ్యే సందడి పొద్దుగుంకేదాకా ఆగేది కాదు. ఈ రోజు వినపడే నిశ్శబ్దంలో సగం, పని ఆగిపోవడం వల్ల వచ్చింది. ఆ పని ఎందుకు ఆగిందో తేల్చకుండా పాత పల్లెను తలుచుకుని మురిసిపోవడం వల్ల ఎవరికీ ఒరిగేదేమీ లేదు.

ఆ సందడిలో పెద్దపాలు కపిలది. ఈ తరానికి ఆ పేరు కూడా కొత్త కాబట్టి కొంచెం దగ్గరగా చూడాలి. బావి ఒడ్డున రెండు గట్టి కూసాలు, వాటి మధ్య కొయ్య గిలక. గిలక మీదుగా బావిలోకి దిగే మోకు. మోకు చివర బాన, తొలిరోజుల్లో తోలుది, తర్వాత ఇనప రేకుది. బాన అడుగున తోలుతో కుట్టిన తొండం. ఆ తొండం మూతికి కట్టిన సన్నతాడు కింద ఇంకో చిన్న గిలక మీదుగా వస్తుంది. బావి ఒడ్డు నుంచి పల్లానికి దిగే బాట ఒకటి తవ్వి ఉంటుంది. ఎద్దుల జత ఆ వాలు మీద కిందికి నడుస్తుంటే, తోలేవాడు తన బరువు కూడా కలిసొచ్చేలా మోకు మీద కూర్చుంటాడు. బాన పైకి వస్తుంది. పైకి వచ్చేదాకా మడిచి ఉన్న తొండం తొట్టి దగ్గర చాచుకుని నీళ్లు కుమ్మరిస్తుంది. అప్పుడు ఎద్దులు వెనకడుగులు వేస్తూ గట్టెక్కాలి, బాన మళ్లీ మునగాలి. వెనక్కి నడవడం ఎద్దుకు నేర్పాల్సిన విద్య. నేర్చిన జతకు సంతలో ధర వేరుగా ఉండేది. గిలక కిర్రుమనడం, తోలేవాడి అదిలింపు, తొట్టిలో నీళ్లు పడే చప్పుడు, కయ్యకు మళ్లేసేవాడి కేక, ఇవన్నీ కలిసి ఒక పొలం శబ్దం. పక్క పొలంలో ఇంకొకటి. లోతు లేని బావుల దగ్గర ఏతాం. ఏతాం తొక్కేవాళ్లు బానల లెక్కనే పాటగా కట్టుకుని పాడేవాళ్లు, లెక్కా తప్పదు, అలుపూ తెలియదు.

కపిలలో మనం ఇప్పుడు గమనించాల్సిన సంగతి ఇంకోటి ఉంది. దానికి ఒక హద్దు ఉండేది. మోకు పొడుగు, ఎద్దుల శక్తి, పగటి గంటలు, ఈ మూడింటినీ మించి బావి నుంచి నీళ్లు తీయడం ఎవరి తరమూ కాదు. ముప్పై నలభై అడుగుల బావి సాయంత్రానికి అడుగంటితే, రాత్రికి ఊట ఊరి తెల్లారేసరికి మళ్లీ కొంత నిలిచేది. అంటే రోజూ భూమి ఇచ్చిందే రైతు తీసుకునేవాడు. మన పడమటి మండలాల్లో భూమి అడుగున ఉన్నది గ్రానైటు, నైసు రాయి. పైన కుళ్లురాయి పొర కొద్ది మందం. నీళ్లు నిలిచేది ఆ పొరలో, దాని కింద రాతి పగుళ్లలో. కోస్తాలో లాగా ఇసుకపొరల్లో పుష్కలంగా నిండి ఉండే నీరు కాదిది. ఆ కాలపు రైతుకు భూగర్భ శాస్త్రం తెలుసని నేను అనను. చేతిలో ఉన్న పనిముట్టే అతణ్ని ఆ రాతి హద్దులోపల నిలబెట్టింది.

బావికి ఊట ఎక్కడి నుంచి వచ్చేదంటే చెరువు నుంచి. సుమారు 700 మిల్లీమీటర్ల వాన, అదీ నైరుతి కొంత, ఈశాన్యం కొంత, నాలుగు పెద్ద వానల్లో కురిసి వెళ్లిపోయే చోట పల్లె నిలబడాలంటే ఆ నాలుగు వానలను ఆపుకోవాలి. అందుకే ఇక్కడ చెరువులు గొలుసుగా కట్టారు. కొండ కింది చెరువు నిండి మొరవ (అలుగు) పారితే ఆ నీళ్లు వంకలో పడి దిగువ చెరువుకు, అది నిండితే దాని దిగువకు. విజయనగర కాలానికి ఈ విద్య ఎంత ముదిరిందో చెప్పడానికి మనకు పొరుగునే, కడప వైపు పోరుమామిళ్ల చెరువు శాసనం ఉంది. 1369లో భాస్కర భవదూరుడు వేయించిన ఆ శాసనంలో మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలూ, ఉండకూడని ఆరు దోషాలూ చెప్పారు. వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు రెండేళ్లు పనిచేస్తే కట్ట పూర్తయిందని కూడా రాశారు. చెరువు కట్టినవాడికీ, బాగుచేసినవాడికీ దాని కింది భూమిలో కొంత దశబంధం కింద ఇవ్వడం కడప, చిత్తూరు సీమల శాసనాల్లో పదేపదే కనిపిస్తుంది. కట్టడం ఒక ఎత్తు, కాపాడటం ఇంకో ఎత్తు అని పాలకులకూ తెలుసునన్నమాట.

కాపాడే మనిషి పేరు నీరుగంటి. తూము ఎప్పుడు తీయాలి, ఏ కాలవకు ఎంతసేపు వదలాలి, ఈ ఏడు ఆయకట్టులో ఎంత భాగానికి నాట్లు వేసుకోవచ్చు అన్న విషయాల్లో అతని మాట చెల్లేది. వాన పడే రాత్రి కట్ట మీద తిరిగేది అతనే, ఎలుక బొరియ కనపడితే ఊరిని లేపేది అతనే. కళ్లం దగ్గర ధాన్యం కొలిచేటప్పుడు అతనికి రావాల్సిన మేర పక్కన పెట్టేవాళ్లు. ఎండాకాలం చెరువు ఎండితే ఊరంతా బండ్లు కట్టి పూడిక మట్టి తోలుకునేది. పొలానికి సత్తువ, చెరువుకు లోతు, రెండూ ఒకే పనిలో. నాట్లకు ముందు కానుగ ఆకు కోసుకొచ్చి కయ్యలో తొక్కేవాళ్లు. చెరువు కింద వరి, మెట్టన రాగి, చెనక్కాయ, ఆ సాళ్ల మధ్య కంది, అలసంద, అనుము. రాగి సంగటి, అనపకాయల పులుసు ఇప్పుడు తిరుపతి హోటళ్లలో ప్రత్యేక వంటకాలయ్యాయి గానీ, ఈ లోయలకు అవి ఏడాది పొడుగునా పొట్ట నింపిన తిండి. ఆ జీవితాన్ని మధురాంతకం రాజారాం తన కథల్లోనూ, నామిని సుబ్రమణ్యం నాయుడు తన మిట్టూరు రాతల్లోనూ నిలిపి ఉంచారు. వాళ్లను చదివినవాళ్లకు ఒకటి అర్థమవుతుంది: ఆ పల్లెల్లో ఎవరి బతుకూ ఒంటరిగా నడిచేది కాదు, కలిసిమెలిసి ఉన్నా, కొట్లాడుకున్నా.

నేను చెప్పదలచుకున్నది ఇదీ. ఆ జీవితం వానలు తప్పడం వల్ల పోలేదు, చదువులు రావడం వల్లా పోలేదు. నీటి విషయంలో ఒకరికొకరు జవాబు చెప్పుకోవాల్సిన అవసరం తీరిపోవడంతో పోయింది. కరెంటు పల్లెలకు వచ్చాక మొదట మోటార్లు పాత బావులకే బిగించారు. కొన్నేళ్లు అది నిజంగానే వరమైంది. తర్వాత బావిలో నీళ్లు తగ్గితే బావిలోనే బోరు, అది ఎండితే చేలో ఇంకో బోరు. 1980ల్లో హార్స్‌పవర్‌కు ఏడాదికి యాభై రూపాయల స్లాబు, 2004 మే 14 నుంచి ఉచిత విద్యుత్తు. రైతుకు ఆ మేలు చేయకూడదని కాదు. కానీ కపిలకు ఉన్న హద్దు మోటారుకు లేదు, కరెంటు ఖర్చు కూడా లేకపోయాక ఇక ఏ హద్దూ మిగల్లేదు. మదనపల్లె చుట్టుపక్కల వెయ్యి అడుగులు దాటి బోర్లు వేస్తున్నారు. కుళ్లురాయి పొర దాటి, నీళ్లు నిలిచే చోటు దాటి, రాతిలో ఎక్కడో ఒక పగులు దొరుకుతుందన్న ఆశ మీద అప్పు చేసి దించుతున్న పైపులవి. బోరున్న రైతుకు చెరువుతో పని లేదు. ఊళ్లో ముందుగా బోరు వేయగలిగింది ఎవరు? చెరువు మరమ్మతుకు నలుగురినీ కూడగట్టగల పెద్ద రైతులే. వాళ్లు తప్పుకున్నాక మిగిలినవాళ్ల మాట వినేవాడు లేడు. 1984లో గ్రామాధికారుల వ్యవస్థ రద్దయింది. నీరుగంటికి మేర కొలిచే కళ్లాలూ ఒక్కొక్కటే పోయాయి. చెరువులోకి నీళ్లు తెచ్చే వంకల్లో చేలు వెలిశాయి. తూము తలుపు తుప్పుపట్టిన సంగతి కూడా చాలా ఊళ్లలో ఎవరికీ పట్టలేదు.

దీనికి మొదటి అభ్యంతరం వాన గురించి. కరువు సీమలో చెరువులు ఎండిపోతే మనుషులదా తప్పు అని అడుగుతారు. కరువు కొత్తది కాదు. 1876–78 నాటి దాతు కరువు ఈ నేల మీద చేసిన ప్రాణనష్టం ముందు మనం చూసిన ఏ కరువూ నిలవదు. అప్పుడు కూడా చెరువులు ఎండాయి, ఊళ్లు ఖాళీ అయ్యాయి. కానీ వానలు మళ్లీ పడ్డాక అవే చెరువులు నిండాయి, అవే కయ్యల్లో నాట్లు పడ్డాయి. ఇప్పుడు జరుగుతున్నది వేరు. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులైనన్ని వానలు పడ్డాయి. రాజంపేట దగ్గర చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ప్రాణాలు పోయాయి. రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్ట నుంచి నీళ్లు కారుతున్నాయని దిగువ ఊళ్లను రాత్రికి రాత్రి ఖాళీ చేయించారు. శ్రీకృష్ణదేవరాయల కాలం నాటిదని ఊరు చెప్పుకునే చెరువు అది. వాన రాకపోతే ఎండుతున్నాం, వస్తే మునుగుతున్నాం. రెండూ ఒకే జబ్బు లక్షణాలు. కట్టను చూసే కన్ను, వంకను కాచే చేయి లేకపోవడం ఆ జబ్బు.

రెండో అభ్యంతరం బలమైనది, దాన్ని దాటవేస్తే ఈ వ్యాసానికి విలువ లేదు. నీరుగంటి పని ఎక్కువ ఊళ్లలో దళిత కుటుంబాలది. రాత్రంతా కట్ట మీద కాపలా కాసిన మనిషికి పగలు ఊరి మధ్య వీధిలో చెప్పులేసుకుని నడిచే వీలుండేది కాదు. కపిల తొండం కుట్టిన చేతులను ఊరు తాకేది కాదు. అతను నీళ్లు పంచిన కయ్యల్లో అతనిది చాలాచోట్ల ఒక్క సెంటు కూడా లేదు. మేర అన్నది కూలీ కంటే దయ లాగా పెట్టేవాళ్లు. ఇవన్నీ నిజం. ఆ వ్యవస్థ మళ్లీ రావాలని కోరేవాడెవడైనా, ఆ కట్ట మీద తన కొడుకును కాపలా పెట్టడానికి సిద్ధమేనా అని ముందు తనను తాను అడగాలి. నేను కోరడం లేదు. కానీ చెరువు పోవడంతో కులం పోయిందా అని కూడా అడగాలి. చెరువు చచ్చిన ఊళ్లో తొలి దెబ్బ తగిలింది బోరు వేసుకోలేనివాడికే. చెరువు కింద నాట్లకూ కోతలకూ దొరికే కూలీ పోయింది, చెరువులో చేపా, గట్టు మీద గడ్డీ పోయాయి. భూమి ఉన్నవాడు తన బోరుతో తను విడిపోగలిగాడు. లేనివాడు బెంగళూరు బస్సెక్కాడు, ఇంటి ఆడమనిషి కువైట్‌కు పనిమనిషిగా వెళ్లింది. పాత కట్టుబాటులో అన్యాయాన్ని తీసేసి, కట్టుబాటును ఉంచుకోవాల్సిన సమయంలో మనం రెండింటినీ ఒకేసారి వదిలేశాం. నిజానికి అన్యాయం పూర్తిగా పోనే లేదు, పోయింది ఉమ్మడి నీరు ఒక్కటే.

కపిల తోలడం ఎంత చాకిరో తెలుసా, మోటారు వచ్చాకే కదా మనిషికీ ఎద్దుకూ ఊపిరాడింది అనేవాళ్లూ ఉన్నారు. ఒప్పుకోవాల్సిందే. మోటారు మీద నాకు కోపం లేదు. కపిల తన పని తను చేసింది, దాని రోజులు అయిపోయాయి. మోటారుకు కూడా ఊరంతా కలిసి ఒక హద్దు పెట్టుకుని ఉండొచ్చు, ఎవరు ఎంత లోతుకు పోవాలి, ఏ కాలంలో ఏ పంట వేయాలి అని. ఆ ప్రయత్నం చట్టంగా 2002లో వచ్చింది, వాల్టా పేరుతో. కాగితం మీద హద్దు ఉంది. అయితే పక్క చేలో రాత్రిపూట రిగ్గు దిగితే అడగాల్సింది ఎవరో ఆ కాగితానికి తెలియదు. ఊళ్లో నలుగురూ కలిసి ఒప్పుకున్న హద్దు ఉన్నప్పుడు ఆ ప్రశ్నే పుట్టదు. మదనపల్లె కేంద్రంగా చాలా ఏళ్లుగా పనిచేస్తున్న ఫౌండేషన్ ఫర్ ఎకలాజికల్ సెక్యూరిటీ లాంటి సంస్థలు గ్రామాల్లో ఉమ్మడి భూముల కోసం, భూగర్భజలం లెక్కల కోసం చేస్తున్న పని ఆ హద్దును మళ్లీ ఊరి నోట పలికించడానికే. మదనపల్లె టమోటా మార్కెట్టు దేశంలోనే పెద్దవాటిలో ఒకటని గర్వంగా చెప్పుకుంటాం. ధర పలికిన ఏడాది ఆ గర్వం న్యాయమే. ధర పడిపోయిన ఏడాది రోడ్డు పక్కన పారబోసే ప్రతి బుట్టలోనూ ఈ రాతి నేల లోతుల నుంచి తోడిన నీళ్లు ఉన్నాయని మాత్రం ఎవరూ లెక్క కట్టరు.

పల్లె అంటే నిశ్శబ్దమే కదా అనేవాళ్ల కోసం ఒక్కసారి ఇంగ్లండు వైపు చూద్దాం. పచ్చని లోయ, రాతి ఇళ్లు, మేస్తున్న గొర్రెలు, మనిషి అలికిడి లేని దారి, ఇదీ ప్రపంచమంతా ఇష్టపడే ఇంగ్లీషు పల్లె బొమ్మ. కృష్ణమూర్తి 1969లో బ్రాక్‌వుడ్ పార్క్ బడిని పెట్టింది కూడా హ్యాంప్‌షైర్‌లోని అలాంటి చోటే. ఆ బొమ్మ వెనక చరిత్ర వేరు. ఉమ్మడి బీళ్లకు కంచెలు పడి, పశువులు మేపుకునే హక్కు పోయిన జనం మిల్లుల ఊళ్లకు తరలిపోయాక మిగిలిన నిశ్శబ్దం అది. ఆలివర్ గోల్డ్‌స్మిత్ 1770లోనే ఖాళీ అయిన పల్లె మీద కావ్యం రాశాడు. డెర్బీషైర్‌లో డెర్వెంట్ లోయను చూడటానికి లక్షల మంది వెళ్తారు. అక్కడి లేడీబవర్ జలాశయం కింద డెర్వెంట్, ఆష్‌ఆప్టన్ అనే రెండు ఊళ్లు మునిగి ఉన్నాయి. షెఫీల్డు, నాటింగ్‌హామ్ లాంటి నగరాల తాగునీటి కోసం 1940ల్లో వాటిని ఖాళీ చేయించారు. మన దగ్గర కూడా దొరలు హార్స్‌లీ కొండ మీద బంగళాలు కట్టుకున్నప్పుడు వెతికింది ఆ బొమ్మనే. అంతకుముందు దాని పేరు ఏనుగు మల్లమ్మ కొండ. ఆ పేరుతో పిలిచే జనం కింది పల్లెల్లో ఎలా బతుకుతున్నారన్నది బంగళా కిటికీలోంచి కనపడే దృశ్యంలో భాగం కాదు.

మళ్లీ రిషివ్యాలీ దగ్గరికే రావాలి, ఎందుకంటే నా వాదానికి అన్నిటికంటే గట్టి సాక్ష్యం అక్కడే ఉంది. బడి పెట్టిన కాలంలో ఆ కొండలు బోడివి, నేల రాతిది. ఇప్పుడు కనపడే అడవి మనుషులు పెంచింది. గొడ్డూ మేకా వెళ్లకుండా కొండలను కాచారు, మొక్కలు నాటారు, వాన నీళ్లు ఇంకడానికి కుంటలు తవ్వారు. దక్షిణాది రాతి కొండల్లో తప్ప ఎక్కడా కనపడని పసుపుగొంతు పికిలిపిట్ట ఇక్కడ స్థిరపడింది. 1991లో లోయను పక్షుల రక్షిత ప్రాంతంగా గుర్తించారు. ఇది డబ్బున్న విద్యాసంస్థ, వందల ఎకరాలకు ఒకే యజమాని, మామూలు పల్లెకు ఇది సాధ్యమా అనేవాళ్లకు జవాబు ఇది: పల్లెకు ఒకే యజమాని లేడు, నిజమే, ఎప్పుడూ లేడు. అయినా ఆరు వందల ఏళ్లు చెరువులను నిలబెట్టుకుంది. ఈ నేల సత్తువ చచ్చిపోలేదని, దాన్ని కాచే ఏర్పాటే పోయిందని ఆ అడవి రుజువు చేస్తోంది.

హంద్రీ–నీవా కాలువ శ్రీశైలం నుంచి కృష్ణా నీళ్లను ఈ మెట్టకు ఎత్తి తెస్తోంది. పుంగనూరు, కుప్పం శాఖల మీద ఉన్న చెరువులను ఆ నీళ్లతో నింపాలన్నది పథకం. వందల మైళ్లు, ఇన్ని ఎత్తిపోతలు దాటి వచ్చిన నీళ్లు చెరువులో పడ్డాక తూము ఎవరు తీస్తారు, ఎవరి కయ్యకు ముందు వదులుతారు, మొరవ పారిన నీళ్లు దిగువ చెరువుకు చేరే వంక ఇప్పుడు ఎవరి టమోటా తోటలో ఉంది? ఈ ప్రశ్నలకు జవాబు పంపుల దగ్గర లేదు. పాత రీసెటిల్‌మెంటు లెక్కల్లో, మన ఊళ్లలో డైగ్లాట్ అనే పుస్తకంలో, ప్రతి చెరువుకూ దాని కట్ట, తూము, వాగు పోరంబోకు సర్వే నెంబర్లతో సహా రాసి ఉన్నాయి. 2024 జులైలో మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో నిప్పు అంటుకుని భూముల ఫైళ్లు కాలిపోయినప్పుడు రాష్ట్రమంతా ఉలిక్కిపడింది. మిగిలిన పుస్తకాలు తహసీల్దారు ఆఫీసుల్లో ఉన్నాయి. కాలువ నీళ్లు రాకముందే గ్రామసభ ముందు ఆ పేజీలు తెరిచి, వంక ఎక్కడ మొదలై ఎక్కడ చెరువులో కలుస్తుందో గొలుసు పట్టి కొలిచి రాళ్లు నాటాలి. కట్ట మీద తిరిగే మనిషిని ఏ కులం నుంచైనా ఎంచుకుని నెలజీతం ఇవ్వాలి. అతను కలుపు, పూడిక, లీకు గురించి రాసే పుస్తకం పంచాయతీ ఆఫీసులో ఎవరైనా చూడగలిగే చోట ఉండాలి. ఆయకట్టు చివరి కయ్య రైతుకు కూడా ఆ పుస్తకంలో రాయించే హక్కు ఉండాలి.